ఇన్‌స్టాల్ చేయమంటారా?

మా ఇంటికి కంప్యూటరు నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వచ్చింది. ఇప్పుడు నాకు పెళ్లిసంబంధాలు వస్తున్నాయి, దానికింకా అదే మౌసు. బీటెక్ చదివాను కాబట్టి దాని ఆరోగ్యం నా బాధ్యత. చదివింది సివిల్ అని ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

పోయినేడు వానలు మొదలయ్యాక దాని తెర మీద ఒక పెట్టె రావడం మొదలైంది. ఏదో సెటప్ సిద్ధంగా ఉందట, ఇన్‌స్టాల్ చేయమంటారా అని అడిగేది. వద్దని నొక్కితే మర్యాదగా వెళ్లిపోయి పది నిమిషాలకు మళ్లీ వచ్చేది. సంబంధాలు తెచ్చే మా మేనత్తకు కూడా అంత పట్టుదల లేదని నవ్వుకున్నాను. తర్వాత ఆ పెట్టె ఎర్రబడింది. మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది, మీ ఫైళ్లు పోవచ్చు అనడం మొదలుపెట్టింది. అప్పటినుంచి నవ్వు రాలేదు. పోకూడని ఫైలు అందులో ఒకటుంది.

మా పెరట్లో తాతయ్య నాటిన రసం మామిడి ఉండేది. ఏ నర్సరీలోనూ దొరకని రకం. పెరటి రసం అనేవాళ్లం. నాన్న అంట్లు కడతారు. అడిగినవాళ్లకల్లా ఆ చెట్టు కొమ్మతో అంటు కట్టి ఊరికే ఇచ్చేవారు. ఒకటే షరతు: రేపు మాకు అవసరమైతే మీరు కొమ్మ ఇవ్వాలి. ఎవరింట్లో నాటారో, బతికిందో లేదో డైరీలో రాసుకున్నారు. ఒక గాలివానకు చెట్టు వేళ్లతో సహా పడిపోయింది. ఆ ఏడాదే డైరీకి చెద పట్టింది. మిగిలిన పేజీలు చూసి కంప్యూటరులోకి ఎక్కించింది నేను. "దీనికి చెద పట్టదు నాన్నా" అని భరోసా ఇచ్చి, ఆ పేజీల్ని పొయ్యిలో వేయించింది కూడా నేనే.

ఆ వానల్లోనే మళ్లీ ఆ చెట్టుని పెరట్లో నిలబెట్టాలని, అంటు కట్టడానికి నాన్న టెంకలు పాతి అయిదు మొక్కలు పెంచారు. వాటికి కట్టే కొమ్మ ఎవరినడగాలో ఆ ఫైలే చెప్పాలి.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, పనికి కూర్చున్నాను. ముందు ఫైలు తెరిచి ఫోనుతో ఒక ఫోటో తీసుకోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. నాకు రాలేదు. సివిల్ కదా.

కంప్యూటరులో ఏమేం ఉన్నాయో జాబితా తెరిస్తే, శుభ్రం చేస్తామనే సాఫ్ట్‌వేర్లు నాలుగు కనిపించాయి.

"నాన్నా, ఇవన్నీ ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా. ప్రమాదం ప్రమాదం అంటుంటే చూస్తూ కూర్చోమంటావా? యెస్ కొట్టా."

"నాలుగుసార్లా?"

"మొదటిదానికి తగ్గలేదు. మామిడి పూతకు పట్టే తేనెమంచు పురుక్కైనా అంతే కదా. ఒకదానికి లొంగకపోతే మందు మార్చి కొట్టాలి."

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది. "పురుగునే డబ్బాలో పోసి కొట్టారంటే మీ నాన్నే కొట్టాలి."

ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టాను. నన్ను తీసేస్తే మీ ఫైళ్లకు పూచీ లేదని ప్రతిదీ బెదిరించింది. చెద నయం, తినే ముందు భయపెట్టదు. రెండు పోయాయి. మూడోది తీస్తుండగా తెర నల్లబడి, కంప్యూటరు దానంతటదే ఆగి మళ్లీ మొదలైంది.

వచ్చిన తెర మీద ఏమీ లేదు. ఎప్పుడూ ఉండే మా మామిడి పూతల ఫోటో లేదు. ఫోల్డర్లు లేవు. నీలం రంగు, మూలన ఒక చెత్తబుట్ట. ఫైలు పేరు కొట్టి వెతికాను. లేదంది.

"ఉందా అమ్మా?"

"లోడవుతోంది నాన్నా."

ఏదీ లోడవడం లేదు. నాన్నకి ఆ సంగతి అర్థమైంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా గుర్తున్నవి చెప్పడం మొదలుపెట్టారు. అమ్మ క్యాలెండరు తిప్పి వెనకవైపు రాస్తోంది.

"బాపులపాడు పాస్టరుగారు... అది ఎండిపోయింది. ఉంగుటూరు టైలరు... గోడ కట్టుకోడానికి కొట్టేశాడు. మన పాలాయన..."

"ఆయన గేదె తినేసిందిగా" అంది అమ్మ, పెన్ను ఆపి.

"ఇంకెవరు నాన్నా?"

"ఇంకా ఉన్నారమ్మా. నువ్వెక్కించావుగా."

నేను మళ్లీ తెర వైపు తిరిగాను.

తెర మూలన చిన్న అక్షరాలు అప్పుడు చూశాను. తాత్కాలిక ప్రొఫైలుతో లోపలికి వచ్చారని ఉంది. అంటే మన గది తలుపు తెరుచుకోక వరండాలో కూర్చోబెట్టింది. గది అలాగే ఉందా, లోపల సామాను పోయిందా అన్నది మాత్రం చెప్పలేదు. మళ్లీ ఆపి ఆన్ చేశాను. కరెంటు పోకూడదని చర్చిలో అడగాల్సింది ఇప్పుడు అడిగాను. నాన్న కుర్చీ వెనక నిలబడ్డారు. ఆయన ఊపిరి నా తల మీద తగులుతోంది.

పూతల ఫోటో వచ్చింది. ఫైలు తెరిచాను. కిందినుంచి రెండో వరస: ముసునూరు, రిటైరైన తెలుగు మాస్టారు, బావి పక్కన, బతికింది. నేను ఒకటి కాదు, నాలుగు ఫోటోలు తీశాను. ఆ తర్వాతే మిగిలినవాటిని తీసేసి, కంప్యూటరుతోపాటు మొదలయ్యేవాటిలో దొంగచాటుగా కూర్చున్న ఆ సెటప్‌ని కూడా ఆపేశాను. పెట్టె మళ్లీ రాలేదు. అయినా పది నిమిషాలకోసారి తెర వైపు చూడటం నాకు నెలరోజులు పోలేదు.

నాన్న ఫోను చేశారు. "మాస్టారూ, నేనండీ, అంట్లు కట్టేవాణ్ణండీ. మా చెట్టు ఉందాండీ ఇంకా?" అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. నాన్న ఫోను పెట్టేసి కత్తి వెతకడానికి లేచారు.

మాస్టారి చెట్టు కొమ్మ తెచ్చి, అయిదు మొక్కలకూ అంట్లు కట్టి ప్లాస్టిక్ కవర్లు తొడిగారు. నలభై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి, పట్టిందా లేదా అని వాటి ముందు వంగి కూర్చునేవారు. "వద్దండీ, వాటినలా వదిలేయండి" అని అమ్మ అంటే మర్యాదగా వెళ్లిపోయి, పది నిమిషాలకు మళ్లీ వచ్చేవారు. నాలుగు నల్లబడ్డాయి.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున, అయిదో కవరులో ఎర్రగా ఏదో కనిపించి అక్కడే ఆగిపోయాను. ఆ వానల్లో ఎర్రగా కనిపించినదేదీ మంచిది కాదు మరి. దగ్గరికెళ్లి చూస్తే చిగురు. నాన్నని కేకేశాను. వచ్చి చూశారు. కవరు ముట్టుకోలేదు.

"ముందు ఫోటో తీయమ్మా" అన్నారు.