తుపాకీ సింగారం

దోహాలో నేను ఇంటి డ్రైవరుగా చేరిన ఏడాదే మా యజమాని అమెరికా తుపాకీ ఒకటి కొన్నాడు. ఆయన్ని మేమంతా బాబా అనేవాళ్ళం. ఆ తుపాకీకి ట్రిగ్గరు చుట్టూ ఒక ఇనుప పిడి ఉంటుంది. దాన్ని కిందికి లాగి మళ్ళీ పైకి మూస్తే కొత్త తూటా ఎక్కుతుంది. బాబా మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, దిండుకు ఆనుకుని, తూటాలు లేకుండానే, టకటకమని ఆ పిడిని ఆడించేవాడు. వేట ఎప్పుడని స్నేహితులు అడిగితే, సామానంతా అమరనీ అనేవాడు.

ఆ సామానుకు అంతు లేదు. మొదట భుజాన వేసుకునే తోలు పట్టీ వచ్చింది. తర్వాత వెనక చెక్కభాగానికి తూటాలు వరసగా గుచ్చుకునే తొడుగు. పిడి వేళ్ళకు ఒత్తుకుంటోందని దానికి తోలు తాడు చుట్టించాడు. గుర్రపు జీనుకు తగిలించే ఒర కూడా తెప్పించాడు. మా ఇంట్లో గుర్రం లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. చివరికి ఆ ఒరను నేనే ల్యాండ్ క్రూజర్ సీటు వెనక కట్టాను. గురి చూసే దుర్భిణి బిగిస్తే కొత్త చిక్కొచ్చింది. ఆ తుపాకీ కాల్చిన తూటా డొల్లను పైకే విసురుతుందట, దుర్భిణి సరిగ్గా దానికి అడ్డమట. పక్కకు బిగించే క్లాంపు కోసం మళ్ళీ అమెరికాకు ఆర్డరు. శుక్రవారం సెలవునాడు ఉమ్ ఘువైలినా పేటలో మా కడప వాళ్ళ గదికి పోయి ఇదంతా చెబితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు.

ఆ గదిలోనే, మంచం కింద, నా అట్టపెట్టె ఉండేది. నేను దోహాకొచ్చాక పుట్టిన కూతురికి గౌన్లు, బూట్లు, బొమ్మలు కొని అందులో పెడుతున్నాను. గల్ఫ్ నుంచి చేతులూపుకుంటూ పోతే ఊళ్ళో పరువేముంటుంది? పెట్టె నిండగానే పోదామనుకున్నాను. అది నిండేలోపు అడుగునున్న గౌన్లు పాపకు పొట్టివయ్యేవి. పెద్దవి కొనేవాణ్ణి.

క్లాంపు వచ్చిన రోజు, ఇక వేటకేనా బాబా అని కొంచెం వెటకారంగానే అడిగాను. ఆయన కోప్పడలేదు. సెలవిచ్చి పాస్‌పోర్టు నీ చేతిలో పెట్టి ఏడాదైంది, నువ్వెందుకు పోలేదు అన్నాడు, తన అరబ్బీ కలిసిన హిందీలో. సామాను ఇంకా అమరలేదన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది.

ఆ వారం ఊరికి ఫోన్ చేశాను. ఊరంతటికీ అంగట్లో ఒక్కటే ఫోను. ఇంకా ఏమేం తేవాలని మా ఆవిడను అడిగాను.

“ఏం వద్దులే. మీ నాయన యాడుండాడే అంటే పాప ఈ అంగడిని జూపిస్తాంది,” అంది.

రిసీవరు పెట్టేశాక బూత్‌లోనే నిలబడి ఏడ్చాను. మర్నాడే టికెట్ అడిగాను. పెట్టెను గదివాళ్ళకే వదిలేశాను.

విమానాశ్రయానికి బాబానే కారు నడిపాడు. డ్రైవరును యజమాని దింపడం నేనెక్కడా వినలేదు. సామానేదని అడిగాడు. లేదన్నాను. చాలా దూరం పోయాక, చూపు రోడ్డు మీదే ఉంచి, “నాకు తుపాకీ మోతంటే భయం,” అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. “నాకు మా పాపంటే భయం, బాబా,” అన్నాను.