అక్క గొంతున్న రీలు

మొన్న గుడివాడలో పాత సామాను కొట్టు ముందు, తుప్పు పట్టిన ఫ్యాన్ రెక్కల మధ్య, రెండు చక్రాల టేప్‌రికార్డరు ఒకటి బోర్లా పడి ఉంటే నా కాళ్లు ఆగిపోయాయి. రీలు టేపులు విన్న మా కాలంవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, ఒక చక్రం మీదనుంచి మరో చక్రం మీదికి ఆ గోధుమరంగు నాడా నెమ్మదిగా పాకుతుంటే చూడటమే ఒక వేడుక. బందరులో నాన్నగారి రేడియో మరమ్మతు కొట్లో నేను పని నేర్చుకున్నది వాటిమీదే. శబ్దం మందగిస్తే స్పిరిట్లో ముంచిన దూదితో, నాడా రాసుకుంటూ పోయే హెడ్డు తుడవడం, పాట సాగి ఏడుపులా వినిపిస్తే రబ్బరు బెల్టు మార్చడం.

అలాంటిదొకటి బాగుచేసి నాన్నగారు దివిసీమలో ఉండే అక్కావాళ్లకు ఇచ్చారు. ఉప్పెన వచ్చిన రోజు బావ చేపల బేరానికి బందరు వచ్చి ఉండబట్టి బతికాడు. అక్క, చంటిబిడ్డ దక్కలేదు. నీళ్లు తీశాక, ఇల్లున్న చోట బురదలో దొరికిన ఆ మిషనును గోనెసంచిలో చుట్టి తెచ్చి, బావ మా బల్లమీద పెట్టాడు.

మిషనును ఉప్పు తినేసింది. రీలు మాత్రం విప్పి, బ్యాటరీల్లో పోసే నీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, నాన్నగారు మరో మిషనుకు ఎక్కించారు. గరగర మధ్య ఉన్నట్టుండి అక్క పలికింది. "ఇది నిజంగా పడుతోందా అండీ? వదలండి, అన్నం మాడిపోతుంది." ఆ వెంటనే నవ్వు. నాన్నగారు చప్పున ఆపేశారు. హెడ్డు నిండా గోధుమరంగు పొడి.

"మావయ్యగారూ, మళ్లీ ఒక్కసారి," అన్నాడు బావ.

"నాడా మీది పూత రాలిపోతోంది నాయనా, గొంతు ఉన్నది దాంట్లోనే. ఇంకొక్కసారి వేస్తే మిగలదు. అది మీ అత్తయ్య వినాలి."

అమ్మను తీసుకొచ్చాం. గుమ్మం దాటి లోపలికి రాలేదు. "నేను వింటే పోతుందంటే నాకొద్దు. దాని గొంతు ఉందని తెలిస్తే చాలు," అంది.

నాన్నగారు రీలును డబ్బాలో పెట్టి బీరువాలో దాచారు. బావ వచ్చినప్పుడల్లా ఆ డబ్బాను తడిమి చూసి వెళ్లేవాడు. బంటుమిల్లిలో మళ్లీ పెళ్లయ్యాక రాకపోకలు తగ్గాయి, మేమెవరమూ తప్పుపట్టలేదు. తర్వాత్తర్వాత నాన్నగారూ పోయారు, బావా పోయాడు.

అమ్మ చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, మంచంమీద నుంచి, అది వెయ్యరా అంది. కొట్లో మిగిలిన మిషనులో బెల్టు కరిగి తారులా అంటుకుపోయి ఉంటే, గోకి తీసి, ఉయ్యూరులో ఒక ముసలి మెకానిక్కు దగ్గర దొరికిన బెల్టు వేసి, రీలు ఎక్కించాను. పొరకు పొర అతుక్కుపోయిన నాడా కాస్త తిరిగిందో లేదో, పూత పెచ్చులు పెచ్చులుగా ఊడి నా ఒళ్లో రాలింది. ఇవతలనుంచి అవతలికి కనిపించే ఒట్టి నాడా మిగిలింది. గరగర తప్ప ఏమీ లేదు.

అమ్మ అది చూసి, "దాని గొంతు ఎలా ఉండేదో మర్చిపోయానురా. అందుకే అడిగాను," అంది. అన్నం మాడిపోతుందన్నదీ, నవ్విందీ అన్నీ చెప్పాను.

"మాటలు కాదురా. గొంతు."

ఇప్పుడు నాన్నగారి కొట్లో ఎవరో ఫోన్లకు అద్దాలు మారుస్తున్నారు. జనం అయినవాళ్ల గొంతులు జేబుల్లో పెట్టుకు తిరుగుతూ, కావలసినన్నిసార్లు వింటున్నారు. వింటే అరిగిపోతుందన్న భయం ఈ కాలంవాళ్లకు లేదు, మంచిదే. మేము ఆ భయంతోనే వినకుండా దాచి పోగొట్టుకున్నాం. ఆ రోజు విన్నవాళ్లలో నేనొక్కడినే మిగిలాను. ఎంత ప్రయత్నించినా, ఆ గొంతు నాకూ గుర్తు రావడం లేదు.