బాపు మాలలో ఉండగా నేను వేసిన ధూపం

ఒక్క బీడీ ముట్టించకుండానే భజనకొచ్చిన స్వాములందరి చేతా ఒకేసారి పొగ పీల్పించిన పుణ్యాత్మురాలు ఎక్కడైనా ఉందా? ఉంది. మా ఊరు ఎల్లారెడ్డిలో, పదిహేనేళ్ల నేను. ఆ ఘోరం చెబుతాను, వినండి.

మా అమ్మ ఇంట్లోనే, పొగాకు పొడి పోసిన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. నాకు అక్షరాలు కూడా ఆ చాట పక్కనే, తునికాకు మీద గోటితో గీయించి నేర్పింది. బాపు, అంటే మా నాన్న, బీడీ తాగేవాడు. కోపంతో ఊగిపోతూ వాకిట్లోకి వెళ్లి, ఒకటి కాల్చి, కొత్త పెండ్లికొడుకులా చల్లగా తిరిగొచ్చేవాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, మా ఇంట్లో పొగ లేనిదే నిప్పు ఆరేది కాదు.

ఆ ఏడు బాపు మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నాడు. బీడీ బంద్. "ఈ దీక్ష నిలవడితే ఇగ జన్మల ముట్టడు బిడ్డా" అని అమ్మ రోజూ దేవుడికి దండం పెట్టేది. మా ఇంటి ఆశంతా అదే.

నాకేమో ఒకటే కుతూహలం. ఆ పొగలో ఏముంది? కోపాన్ని ఎక్కడికి మోసుకుపోతుంది? ఆ వయసులో నాకూ కోపాలకు కొదవ లేదు మరి. చుట్టిన బీడీ తీస్తే కట్టలో లెక్క తప్పుతుందని, చాటలోంచి తంబాకు కొంచెం కొంచెంగా తీసి ఖాళీ సాంబ్రాణి డబ్బాలో దాచాను. పెరట్లో ఆకు చుట్టి ఒక్క దమ్ము లాగానో లేదో, నీళ్లందని బోరింగులా దగ్గాను. కోపం పోలేదు సరికదా, పొద్దున తిన్న జొన్నరొట్టె పోయింది. వాసన దాచడానికి ఇల్లంతా సాంబ్రాణి వేశాను.

"నా బిడ్డకు ఎంత భక్తి!" అని అమ్మ మురిసిపోయి, భజననాడు ధూపం పని నాకే అప్పగించింది.

కామారెడ్డి నుంచి గురుస్వామి వచ్చాడు. ఇల్లంతా నల్లబట్టలు, శరణుఘోష. "ధూపం తేవే!" అని అమ్మ కేక. తొందరలో చేతికందిన డబ్బా తీసి నిప్పుల మీద కుమ్మరించాను. ఏ డబ్బానో మీకు అర్థమైపోయింది. నాకే కాలేదు.

ముందు వరుస స్వామి కళ్లు మూసుకుని నిండుగా పీల్చాడు. "అబ్బ! గీ సాంబ్రాణి ఏ దుకాణంల కొన్నవ్ మాతా?"

"మస్తుగున్నది స్వామీ, పాణం లేచొచ్చింది" అన్నాడు పక్కాయన, ధూపం వైపు జరుగుతూ.

బాపు అందరికంటే దగ్గరికి జరిగాడు. ఎన్నాళ్లకో ఆయన ముఖంలో వెలుగు! అంతా నా భక్తి మహిమేనని పొంగిపోయాను. జన్మలో పొగ తాగని గురుస్వామి ఒక్కడే దగ్గి దగ్గి, "ఆపుండ్రి! ఇది తంబాకు!" అన్నాడు.

భజన ఆగిపోయింది. "ఏందిది మాతా?" అన్నాడు బాపు. మాలలో ఉన్నవాళ్లు తిట్టాలన్నా 'మాతా' అనే అనాలి. ఆ నియమం పెట్టినవారికి ఇప్పటికీ దండం పెడతాను.

"దీక్ష చెడ్డట్టేనా స్వామీ?" అని అమ్మ చేతులు జోడించింది.

గురుస్వామి నా చేతిలోని డబ్బా చూసి నా వైపు తిరిగాడు. "ఎందుకు దాచినవ్ తల్లీ?"

"బీడీ తాగితే బాపుకు కోపం పోతది కదా. నాకు గూడ పోతదేమో చూద్దామని..."

బాపు తల దించుకున్నాడు. "కోపం యాడికి పోకపోతుండె మాతా. నేను వాకిట్ల కూసుంటే మీరెవ్వరు నా జోలికి రాకపోతుండ్రి. గంతే."

గురుస్వామి తీర్పు చెప్పాడు. "తెల్వక పీలిస్తే దీక్ష చెడది. ఒక బకెట్ సల్లనీళ్లు పోసుకోండ్రి. తెలిసీ పీల్చినోళ్లు రెండు."

గజగజలాడే చలి. స్వాములంతా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా రెండేసి బకెట్లు పోసుకున్నారు. బాపు మూడోది తోడుకున్నాడు.

స్వామి దయవల్ల దీక్ష నిలిచింది. ఈనాటికీ కోపమొస్తే బాపు ఉత్త చేతులతోనే వెళ్లి వాకిట్లో కూర్చుంటాడు. మేమెవరం జోలికి పోము.

నేను మాత్రం దేవుడి సాక్షిగా ప్రమాణం చేశాను: మూత తీసి వాసన చూడనిదే ఏ ధూపమూ వేయను. వేశాక భక్తులు మరీ మెచ్చుకుంటే, వెంటనే నీళ్లు చల్లి ఆర్పేస్తాను.