ఎండదెబ్బ అనుకున్నాం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా దానికి ఒక పేరు సిద్ధంగా ఉండేది. చలికాలంలో అయితే పడిశం, వానాకాలంలో అయితే అజీర్తి, ఎండాకాలంలో అయితే లూ. లూ అంటే భిలాయి వైపు మే నెలలో వీచే వడగాలి. అది తగిలితే ఎంతటి మనిషైనా నిలువునా కూలిపోతాడని అక్కడి వాళ్ళు చెబితే, శ్రీకాకుళం నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగాల కోసం వచ్చిన మా వాళ్ళు ఇట్టే నమ్మేశారు. లూ తగలకుండా జేబులో ఉల్లిపాయ పెట్టుకోవాలన్నది కూడా అక్కడ నేర్చుకున్నదే. మా నాన్నమ్మ మాత్రం అది తన పుట్టింటి నుంచి తెచ్చుకున్న విద్య అన్నట్టు ఇంటిల్లిపాది జేబుల్లోనూ ఉల్లిపాయలు కుక్కేది. నా బడిసంచిలోనూ ఒకటి ఉండేది. ఆ వాసనకి నా బెంచీలో పిల్లలు ముక్కు మూసుకునేవారు.

తొంభైల మొదట్లో మాట ఇది. సెక్టర్ ఏడులో మా నాన్నకిచ్చిన క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మా తాతయ్య అప్పటికే రిటైర్ అయ్యాడు. ప్లాంటులో బొగ్గును కోకుగా కాల్చే బట్టీల దగ్గర ఉద్యోగమంతా చేశాడు. మనిషి సన్నగా, ఎండిన చింతబరికెలా ఉండేవాడు. నోరు మాత్రం ఊరుకునేది కాదు. పక్క క్వార్టర్‌లో ఉండే అత్త ఆసుపత్రిలో నర్సు, అదీ గుండె జబ్బుల వార్డులో. ఆవిడది రైల్వే వాళ్ళ కుటుంబం. ఆదివారాలు చర్చికి వెళ్ళొస్తూ మా ఇంట్లో ఆగి టీ తాగితే గానీ ఆ రోజు ఆదివారం అనిపించేది కాదు. మా తాతయ్యని బాబాయ్ అనీ నాన్నమ్మని పిన్ని అనీ పిలిచేది. తాతయ్య ఆవిణ్ణి ‘సిస్టరమ్మా’ అని ఆటపట్టించేవాడు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం తాతయ్య కూలర్‌లో నీళ్ళు పోస్తూ బకెట్‌తో సహా పెరట్లో పడిపోయాడు. ముఖం సున్నం వేసిన గోడలా తెల్లబడింది. నాన్నమ్మ కేకకి పక్కింటి అత్త డ్యూటీ చీరతోనే పరుగెత్తుకొచ్చింది. ఆవిడ వచ్చేసరికి తాతయ్య కళ్ళు తెరిచాడు, ముఖంలోకి రంగు కూడా వచ్చింది. అత్త ఆయన నుదురు తాకి చూసింది, తలెత్తి మండుతున్న ఎండని చూసింది. “లూ లగ్ గయా పిన్నీ, వడగాలి తగిలింది. మామిడికాయ పన్నా చేసి ఇవ్వండి. మధ్యాహ్నం పూట బాబాయ్‌ని బయటికి పంపకండి” అని చెప్పి, బస్సు వెళ్ళిపోతుందని హడావిడిగా వెళ్ళిపోయింది.

చెప్పింది నర్సు. ఇంకేం కావాలి? పచ్చిమామిడికాయలు ఉడికించి, ఉప్పూ జీలకర్రా కలిపి, నాన్నమ్మ పూటకో గ్లాసు తాగించింది. తాతయ్య ప్రతి గ్లాసుకీ గొడవే. “బట్టీ ముందర బతుకంతా నిలబడ్డోణ్ణి, వేడంటే ఏటో నాకు తెలీదేటి? ఇది ఎండ కాదు. లైటు ఆరిపోయినట్టు అయిపోనాది, అంతే” అనేవాడు. ఆ మాట మా అందరితో అన్నాడు. గోడ అవతల బట్టలారేస్తున్న అత్తతో కూడా అన్నాడు. ఆవిడ నవ్వింది. మేమూ నవ్వాం. ముసలాయనకి తన పాత ఉద్యోగం మీద గర్వం పోలేదని అనుకున్నాం.

తరువాత కూడా ఆయన అప్పుడప్పుడు నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుని నిలబడిపోవడం నేను చూశాను. అమ్మా చూసింది. లూ ఒకసారి తగిలితే ఒంట్లోంచి అంత తొందరగా దిగదని ఎవరో చెప్పారు, సరే అనుకున్నాం. పాపం, పాత స్నేహితులతో టీ కొట్టు దగ్గర కూర్చునే సుఖం కూడా ఆయనకి లేకుండా చేశాం. తలచుకుంటే ఇప్పటికీ నాకు మా ఇంటి మీదే కోపం వస్తుంది. ప్రేమగా చూసుకుంటున్నామన్న ధీమాలో ఆయన మాటకి ఏ విలువా ఇవ్వలేదు.

చలికాలం వచ్చింది. ఒక ఉదయం ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని వరండాలో కూర్చున్నాడు. లేచి రెండడుగులు వేశాడో లేదో మెట్ల మీద కుప్పకూలిపోయాడు. నాన్నమ్మ అలవాటు కొద్దీ వంటింట్లోకి పరుగెత్తి ఉల్లిపాయ తెచ్చింది. తెచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. ఎముకలు కొరికే చలిలో లూ ఎక్కడిది? ఆ నిమిషంలో ఆవిడ ముఖంలో కనిపించిన భయాన్ని నేను ఎప్పటికీ మరిచిపోలేను.

అత్త అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. ఈసారి నుదురు తాకలేదు. కింద కూర్చుని తాతయ్య మణికట్టు పట్టుకుంది. ఆవిడ పెదవులు లెక్కపెడుతూ కదిలాయి, మధ్యలో ఆగాయి, ఆగే ఉన్నాయి. మళ్ళీ ఒకసారి కదిలాయి. చెయ్యి వదలకుండానే మా నాన్నతో అంబులెన్సుకి ఫోన్ చెయ్యమంది. ఆ గొంతు అంతకుముందు మేమెన్నడూ విననిది.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో ఆవిడ మా నాన్నకి జబ్బు సంగతి చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. “మా నాన్న రైల్వే కేబిన్‌లో చేసేవాడు కదా తమ్ముడూ. అక్కడ సిగ్నల్ ఇచ్చినా మధ్యలో తీగ తెగితే బండి కదలదు. బాబాయ్ గుండె పై గదుల నుంచి కింది గదులకి కబురు అందట్లేదు. కిందివి వాటంతటవే నెమ్మదిగా కొట్టుకుంటున్నాయి. ఒక్కోసారి అదీ ఉండట్లేదు. అప్పుడే పడిపోతున్నాడు” అంది. దానికి మందులతో పని జరగదనీ, గుండె తాళం తప్పకుండా చూసే పేస్‌మేకర్ అనే చిన్న మిషన్ ఛాతీలో చర్మం కింద పెడతారనీ, అది పెట్టించుకున్నవాళ్ళు హాయిగా తిరుగుతున్నారనీ చెప్పింది. అంతవరకూ ధైర్యంగానే ఉంది. కానీ పడినప్పుడు తాతయ్య తుంటి ఎముక విరిగింది.

ముందుగా తొడ దగ్గరి నరం లోంచి గుండె దాకా సన్నని తీగ పంపి, మంచం పక్కనున్న పెట్టెకి తగిలించారు. ఆ పెట్టె గుండెని నడిపించసాగింది. ఒకసారి అత్త నన్ను లోపలికి తీసుకెళ్ళింది. తాతయ్య కదలకుండా పడుకుని ఉన్నాడు కానీ నోరు మామూలే. “జల్మంతా మిషన్లకి కాపలా కాసాను. ఇప్పుడు మిషను నాకు కాపలా కాస్తంది” అన్నాడు. తెర మీద పచ్చగీత పరుగెడుతున్నా అత్త ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. టీవీలో కనబడతంటే మళ్ళీ ఇదేటని ఆయన అడిగాడు. గీత ఉన్నంత మాత్రాన గుండె రక్తాన్ని సరిగ్గా తోస్తోందని నమ్మకం లేదనీ, అది చేతికి తెలియాలనీ చెప్పింది. “అయినా మీకెలా ఉందో టీవీ చెప్పదు బాబాయ్. మీరే చెప్పాలి” అంది.

పడక మీదే ఉండేసరికి ఛాతీలో కఫం చేరింది. జ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గితే గానీ ఆ చిన్న మిషన్ లోపల పెట్టడం కుదరదన్నారు. జ్వరం తగ్గలేదు. గుండె ఆఖరి దాకా తాళం తప్పకుండా కొట్టుకుందట. మా తాతయ్యని తీసుకుపోయింది గుండె కాదు, ఆ మెట్ల మీద పడిన దెబ్బ. పెద్దవాళ్ళు ఈ మాట అనుకుంటుంటే, అయితే వేసవిలోనే మిషన్ పెట్టి ఉంటే ఆయన పడేవాడే కాదు కదా అని పదేళ్ళ దాన్నైన నాకే తోచింది. పైకి అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అన్నది అత్తే. దినకార్యాలు ముగిసిన మర్నాడు వచ్చి నాన్నమ్మ ఎదురుగా చాప మీద కూర్చుంది. ఎండదెబ్బ తగిలిన వాళ్ళ నాడి పరుగులు పెడుతుందనీ, తాతయ్యది ఆ రోజే నెమ్మదిగా ఉండి ఉంటుందనీ చెప్పింది. “నేను ఎండని చూశాను పిన్నీ, మనిషిని చూడలేదు. ఎండ కాదని బాబాయ్ నాతోనే అన్నాడు. మరేంటి అని అడగలేదు. నవ్వాను” అంది. “మేమందరం అలాగే అనుకున్నాం కదక్కా” అన్నాడు నాన్న. ఆవిడ ఒప్పుకోలేదు. “మీరు అనుకోవచ్చు. నేను అనుకోకూడదు” అంది. అలా ఒక పెద్ద మనిషి, పిల్లల ఎదుట, తప్పు తనదని చెప్పడం నేను అదే మొదటిసారి చూడటం.

నాన్నమ్మ తిడుతుందేమోనని నాకు భయం వేసింది. కానీ ఆవిడ గాజులు తీసేసిన చేతిని ముందుకి చాపి, “అలగైతే నాది సూడు తల్లీ” అంది. అత్త ఆ చెయ్యి పట్టుకుంది. లెక్కపెడుతూ ఏడ్చింది, లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టింది. తరువాత నన్ను పిలిచి, నా వేళ్ళు మూడు నాన్నమ్మ మణికట్టు మీద పెట్టి, ఎక్కువ నొక్కకుండా ఆగమంది. ముందు మనిషిని ఎలా ఉందో అడగాలనీ, చెప్పేదంతా వినాలనీ, జబ్బుకి పేరు పెట్టడం ఆ తరువాతి పని అనీ చెప్పింది. కాసేపటికి నా వేళ్ళ కింద నాన్నమ్మ నాడి దొరికింది.

నేను నర్సుని కాలేదు, డాక్టర్నీ కాలేదు. కానీ ఇంట్లో ఎవరైనా నలతగా ఉందంటే వెళ్ళి పక్కన కూర్చుంటాను, చెయ్యి పట్టుకుంటాను, ఎలా ఉందో చెప్పమంటాను. పెద్దమ్మ డాక్టరమ్మ వచ్చిందని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. మా వాళ్ళలో ఎవరి నాడి ఎలా నడుస్తుందో నాకు బాగా తెలుసు. నాన్నమ్మది నిదానం, అమ్మది కాస్త తొందర, నాన్నది అప్పుడప్పుడు ఒక దెబ్బ దాటేసేది. మా తాతయ్యది మాత్రం తెలియదు. రోజూ ఆయన చెయ్యి పట్టుకునే బడికి నడిచాను.