రజియా మేడం పోసిన సోయా నేల

నిన్న కామారెడ్డిలో కొత్తగా తెరవబోతున్న మందుల దుకాణం ముందు నడుస్తుంటే, అప్పుడే పోసిన ఎపాక్సీ నేల ఘాటు ముక్కుకు తగిలింది. చేపల నీచులాంటి వాసన. పక్కవాళ్లు ముక్కు మూసుకున్నారు. నేను నిలబడిపోయాను. నా యవ్వనంలో మంచి భాగం, ఇలాంటి నేలలు పోసే రజియా మేడం షెడ్డులో, ఆ వాసనలోనే గడిచింది.

ఫ్యాక్టరీల నేలలు గట్టిపడటానికి పోసే ఆ ఎపాక్సీ జిగురును పెట్రోలియం నుంచి కొంతైనా విడిపించాలన్నది ఆమె పట్టుదల. అందులో ఒక భాగాన్ని మన చేలల్లో పండే సోయా గింజల నూనెతో చేసేవారు. నేను పగలు ఆమె దగ్గర పనిచేసి, సాయంత్రాలు ఊళ్లలో బాణామతి మీద, తాయెత్తుల మీద నిప్పులు కక్కే ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. "తాయెత్తులోళ్లను గెలిచి వచ్చినవా తమ్మీ? ఇగ గీ డబ్బా కలుపు" అని మేడం నవ్వేవారు.

మా సోయా నేల గోదాముల్లో బాగానే నిలిచింది. ఎల్లారెడ్డిలో రాజిరెడ్డి పటేల్ మిల్లు మాకు పెద్ద పని. వడ్లు ఉడకబెట్టే మిల్లులో మేము నేల పోయడం అదే మొదటిసారి. అక్కడ నిలిస్తే చుట్టుపక్కల మిల్లులన్నీ మావే, లేకుంటే షెడ్డు నడవడమే కష్టం. నేల ఆరాక పటేల్, చుట్టుపక్కల మిల్లుల యజమానులను పిలిచి చూపించాడు.

"అద్దం లెక్క లేదా?" అన్నాడు గర్వంగా.

మేడం వడ్లు ఉడికే తొట్టి నుంచి ఒక బకెట్ ఉడుకునీళ్లు తెప్పించి నేల మీద పోయించారు. కాసేపాగి వంగి, తాళంచెవితో నొక్కారు. గుంట పడింది.

"గిదేంది మేడం! మంచిగున్నదాన్ని మీరే ఖరాబ్ చేస్తున్నరు?"

"నేను చెయ్యకుంటె మీ ఉడుకునీళ్లు చేస్తయన్నా. గోదాములకు ఇది పనికొస్తది, ఇక్కడికి రాదు. ఇది తీసి మామూలుదే పోస్త."

"సోయా కూరొండుకోండ్రి" అని ఒకాయన నవ్వాడు. పటేల్ ముఖం మాడిపోయింది. "చాటుకు చెప్తే కాకపోవునా?"

"మీరు పొగిడింది అందరి ముందట కదా. తప్పు చాటుకెందుకు?"

ఆ మిల్లులవాళ్లెవరూ మళ్లీ మమ్మల్ని పిలవలేదు. చిన్నచిన్న గోదాముల పనులతోనే షెడ్డు నెట్టుకొచ్చింది. ఉడుకునీళ్లకు సోయా నిలిచే పాళ్లు ఆమెకు చివరిదాకా దొరకలేదు. దొరికాయని ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

ఎదుటివాడి నమ్మకాన్ని నిలదీయడం నాకు ముందే వచ్చు. నేను ప్రేమించే మాటను నలుగురి ముందు నిలదీయడం ఆమె దగ్గరే చూశాను. మూఢనమ్మకాల మీద నేను రాసే వ్యాసాల్లో చప్పట్లు పడినదాన్ని ఇప్పటికీ మర్నాడు తీసి, ఎక్కడ గుంట పడుతుందో వెతుకుతాను. ఆ చోటు దొరికితే, తర్వాతి వ్యాసం దానితోనే మొదలుపెడతాను.