ఇనుపరాతి పువ్వు కోసం కెమ్మణ్ణుగుండి

కాటన్‌పేటలో మా ఇంటి నుంచి బెంగళూరు సిటీ స్టేషన్‌కు నడకే. తొంభైల చివర ఒక సెప్టెంబరు ఉదయం ఏడు గంటల రైలెక్కాను. జేబులో చిన్న పొట్లం, అందులో నా భార్య శారద దాచిన విత్తనాలు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. ఆ విత్తనాలు కెమ్మణ్ణుగుండి కొండ మీద, ఇనుపరాయి నలిగిన మట్టిలో మాత్రమే పూసే ఒక ఊదాపువ్వువి. మా మేడ మీద కుండీలో రెండుసార్లు మొలిచి, రెండుసార్లూ ఎండిపోయాయి. శారద పోయి ఏడాదైంది. ఆ పువ్వు పూసే చోట రోడ్డు వెడల్పు చేస్తున్నారని విని, ఇంకా ఉందో లేదో చూద్దామని బయలుదేరాను.

అరసికెరెలో ఇడ్లీ తిన్నాను. పదకొండున్నరకు బీరూరులో దిగి, బస్సులో లింగదహళ్లి, అక్కడి నుంచి జీపు. వాన వెలిసింది.

శారద చెప్పిన మలుపులో కొండను చెక్కేశారు. ఒక్క మొక్క లేదు. రోడ్డు పని చేస్తున్న గంగమ్మ అనే ఆమెను పువ్వు గురించి కన్నడంలో అడిగితే, నా యాస పట్టి తెలుగులోనే బదులిచ్చింది. వాళ్ల తాత ఇక్కడి ఇనుపగనిలో పనికి అనంతపురం నుంచి వచ్చాడట.

"పువ్వు కోసమా? పోయిందనుకుంటివా? ఇట్ల రా అప్పా."

చెక్కిన రాళ్ల కుప్ప వెనక్కి తీసుకెళ్లింది. గడ్డి కూడా మొలవని ఆ కంకరలో పదిహేను ఇరవై మొక్కలు, బొటనవేలంత పువ్వులతో.

మా కుండీ సంగతి చెప్పాను. అందులో శారద ఇలాంటి కంకరే నింపింది. మొలకలు బక్కగా ఉన్నాయని నేనే ఆమె చూడకుండా ఎరువుగా వేరుశనగ పిండి వేశాను.

"అయ్యో, తిండి ఎక్కువై సచ్చినాదప్పా! దీనికి ఏమీ పెట్టగూడదు. ఊరికే ఉండనిస్తే బతుకుతాది."

శారదకు తెలిసే ఉంటుంది. రెండోసారి కుండీ అంచున పిండి తుడుస్తూ నా వైపు చూసింది.

మొక్కలను ముట్టుకోలేదు. లారీ ఎత్తుకెళ్లబోయే కుప్పలోంచి గంగమ్మ నా సంచిలోకి నాలుగు దోసిళ్ల కంకర పోసింది. వెళ్లాలనుకునేవారికి నా మాటా అంతే: వానలు తగ్గుతుండగా వెళ్లండి, చూసి రండి, పీకకండి.

తిరుగు రైల్లో ఎదుటి పెద్దాయన కాలికి సంచి తగిలింది. తెరిచి చూశాడు.

"కంకరా! బెంగళూరులో కంకరకు కరువొచ్చిందా అప్పా?"

ఏడాది తర్వాత గట్టిగా నవ్వాను. పొట్లంలో తొమ్మిది విత్తనాలున్నాయి. మేడ మీద కుండీ కడిగి ఈ కంకర పోస్తాను. నీళ్లు తప్ప ఏమీ వేయను.