గల్లా వెనక నుంచి చెప్పిన కథ

మా మెడికల్ షాపులో ఒక ఫ్రిజ్ ఉంది. ఇన్సులిన్ బుడ్లు, కుక్కకాటు సూదులు, టీకాలు దాంట్లో పెడతాను. ఆ ఫ్రిజ్ మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. బోధన్‌లో నన్నెరిగినవాళ్లు ఇది చదివి నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. దేవుడి మీద ఒట్టేసి తప్పితే ఆయన పోనీలే అనుకోవచ్చు. ఫ్రిజ్ అలా అనుకోదు, కంప్రెసర్ కాలిపోతుంది. అందుకే దాని మీద వేశాను.

అది 2023, వానాకాలం. మా షాపు బోధన్‌లో నిజామాబాద్ పోయే రోడ్డు మీద ఉంది. ముందు ఒక పొడుగు బల్ల, దాని వెనక అద్దాల గల్లా, గల్లా వెనక నేను. ఈ వ్యాపారంలో పాతికేళ్లు దాటాయి. గోళీలతో సమానంగా కథలు కూడా పంచానని ఊళ్లో పేరుంది. ఫ్యాక్టరీ గోదాములో ఏళ్ల తరబడి చక్కెర తిన్న ఎలుకకు షుగర్ వచ్చి, ఒకనాడు పొద్దున్నే మా షాపు ముందు లైన్లో నిలబడిందని చెప్పింది నేనే. "మరి మందిచ్చినవా?" అని ఎవరో అడిగారు. "చీటీ లేకుంట ఎట్లిస్త? ఎలుక బుద్ధిమంతురాలు, ఎల్లిపోయింది. చీటీ లేకుంట లొల్లి వెట్టేది మీరే" అన్నాను.

అయితే ఈ కథలకు నేను పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. కథ చెప్పబుద్ధయితే గల్లా దాటి బయటికొచ్చి, బల్ల మీద కూర్చుని చెప్పేవాణ్ని. గల్లా వెనక ఉన్నంతసేపు మందు పేరు, ఎన్ని పూటలు, ధర ఎంత, అంతే. అక్కడ కథలు లేవు. "మల్లేశు బల్ల మీద ఉంటే నమ్మకు, గల్లాల ఉంటే నమ్ము" అని ఊళ్లో ఒక మాటే పుట్టింది. ఆ మాట వింటే నాకు లోలోపల గర్వంగా ఉండేది.

ఆ బల్ల మీద రోజూ కూర్చునేవాళ్లలో గంగారాం కాక ఒకడు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా గుమస్తాగా పనిచేసి, అది మూతపడకముందే రిటైరయ్యాడు. ఆయన కళ్లు మామూలు కళ్లు కావు. చెరుకు బండి గేటు దాటుతుండగానే బరువు చెప్పేవాడట. కాటా పది కిలోలు తేడా చూపిస్తే, "కాటాకు నూనె వెట్టుండ్రి" అనేవాడట. ఇది నేను అల్లింది కాదు, ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పారు. ఇప్పుడు చెరుకు ట్రాక్టర్లు మా రోడ్డు మీదుగా ఎక్కడెక్కడి ఫ్యాక్టరీలకో పోతాయి. కాక బల్ల మీద కూర్చుని, అడిగినా అడగకున్నా ఒక్కోదాని బరువు చెప్పేవాడు. ఆయన దినం అలా గడిచేది.

ఒక మధ్యాహ్నం కాక ఇంటి నుంచి నేరుగా షాపుకే వచ్చాడు. ముందురోజు నిజామాబాద్‌లో షుగర్ చూసే డాక్టరు చీటీ రాశాడు. అందులో ఒక టీకా ఉంది. సర్పి రాకుండా వేసేది. ఒంటి మీద ఒక పక్కన పట్టీలాగా పొక్కులు లేచి, నిప్పులు పోసినట్టు మండే రోగాన్ని మా దగ్గర సర్పి అంటారు. వయసు మీరినవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు దాని భయం ఎక్కువ. అప్పటికి ఆ టీకా మన దేశంలోకి కొత్తగా వచ్చింది. రెండు డోసులు వేసుకోవాలి.

"మల్లేశా, గీ సూది ఎంతైతదో జర సూడు."

నేను అప్పుడు గల్లా వెనకే ఉన్నాను. చేతిలో ఎవరివో బీపీ గోళీలు కత్తిరిస్తున్నాను.

"ఒక్కోటి పదివేల పైనే కాక. నడుమ రెండు నెల్లు ఆగి ఇంకోటి."

"పదివేలా? సూదిల బంగారం కరిగిచ్చి పోస్తున్నరా?"

"బంగారమైతే నేనే పొడుచుకుందును గద."

బల్ల మీద ఉన్న ఇద్దరు నవ్వారు. కాక నవ్వలేదు. జేబులోంచి ఇన్సూరెన్సు కార్డు తీసి అద్దం మీద పెట్టాడు. భార్యాభర్తల పేరున సొంతంగా తీసుకున్న పాలసీ. రిటైరైన దగ్గర్నుంచి ఏటా కడుతున్నాడు.

"గిది నడువదా?"

"ఇది దవాఖానల పండుకున్నోళ్లకే కాక. పండుకోకుంట చూపిచ్చుకునేదాన్ని ఓపీడీ అంటరు. దానికి నీ పాలసీల పైస లేదు. టీకాకైతే అసలే లేదు."

"సర్కారు కార్డు?"

"అది ఆపరేషన్లకు."

కాక ఆ కార్డును వెనక్కి తిప్పి చూశాడు. "అంటే రోగం వస్తే ఇస్తరు. రాకుండ జేసుకుంట అంటే ఇయ్యరు."

"గంతే."

"మంచిగున్నది. కాటాల గిట్ల జేస్తే మమ్ముల రైతులు కొట్టి సంపుదురు."

చీటీని మడత మీద మడత పెడుతున్నాడు. ఆయన పీఎఫ్ పింఛను ఎంతో నాకు తెలుసు, నెల నెలా షుగర్ మందులకు అందులో ఎంత పోతుందో కూడా తెలుసు. నలుగురి ముందు ఆ ముసలాయన "నాతోని కాదు" అనే మాట అనాల్సి వస్తుందేమోనని నాకు గుబులైంది. ఆ మాట ఆయన నోట రాకూడదు. రాకుండా ఆపడానికి నాకు తెలిసిన విద్య ఒక్కటే.

"తొందరేమున్నది కాక. దసరా అయినంక సర్కారోళ్లు పెద్దమనుషులకు ఉత్తగనే ఏస్తరట గీ సూది. నిజామాబాద్‌ల ఫ్రిజ్‌లు గూడ దిగినయ్. నా కండ్లతోని చూసిన. ఎంత పెద్దయంటే, ఆటో లోపలికి వోయి తిప్పుకొని ఎల్లచ్చు."

బల్ల మీదివాళ్లు పగలబడి నవ్వారు. ఒకాయన "ఆటోల ఎవరున్నరు, ఎలుకనా?" అన్నాడు. కాక కూడా నవ్వాడు. చీటీ జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. అంతలో ఒక ఇసుక ట్రాక్టరు పోతుంటే దాని బరువు చెప్పాడు. గండం గడిచిందనుకున్నాను.

ఆటోను ఆయన నమ్మలేదు, ఎవరూ నమ్మలేదు. కానీ దసరా మాట నమ్మాడు. నేను గల్లా దాటలేదు కదా. చేతిలో కత్తెర, ముందు గోళీలు, వెనక ఫ్రిజ్. ఆ చోట నేను అబద్ధం చెప్పనని ఊరంతా అనే మాట ఆయన కూడా ఎన్నోసార్లు అన్నాడు.

దసరా పోయింది. ఒకరోజు కాక గల్లా దగ్గరికే వచ్చి మెల్లగా అడిగాడు.

"మల్లేశా, ఆ సర్కారు సూది ఇంక రాలేదా?"

ఆయన నమ్మాడని నాకు అప్పుడు తెలిసింది. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. షాపులో మేమిద్దరమే ఉన్నాం. "కాక, నేను ఉత్తగన్న, అట్లాంటిదేం లేదు" అంటే సరిపోయేది. తిట్టేవాడు, తిట్టి ఊరుకునేవాడు.

"వస్తది కాక. దీపావళి కానియ్యి" అన్నాను.

అన్నాక మనసొప్పక సర్కారు దవాఖానలో టీకాలు చూసే నర్సమ్మను అడిగాను. ఆ టీకా వాళ్లకు రాదని, వస్తుందన్న మాట కూడా తను వినలేదని చెప్పింది. ఆ కబురైనా కాకకు చేరవేయలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. రోజూ బల్ల మీద నా ముందే కూర్చునే మనిషికి చెప్పడానికి నాకు రోజు దొరకలేదు.

శివరాత్రికి ముందు ఒక పొద్దున కాక భార్య వచ్చింది. ఆమెను నేను చిన్నమ్మా అని పిలుస్తాను.

"మల్లేశా, మీ కాకకు నొసలంత మంట వెడ్తున్నది. ఏదన్న పైన రాసే మలాం ఇయ్యి."

"ఎన్నొద్దుల సంది చిన్నమ్మా?"

"మూడొద్దులు. సర్పి అన్నరు. వర్ని ఊరికెల్లి ఒకాయన అచ్చి జాజు రాసిండు. తల, తోక కలవకుంట గీత గీసిండు. అయినా తగ్గుతలేదు."

పాములాంటి ఆ పొక్కుల తల, తోక కలిస్తే మనిషి దక్కడని మా వైపు నమ్మకం. జాజు అంటే ఎర్రమట్టి. షాపు ఉన్నదున్నట్టు వదిలేసి ఆమె వెంట పోయాను. కాక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి నొసలు మీద ఎర్రమట్టి, దాని కింద పొక్కులు, కుడి రెప్ప ఉబ్బి మూసుకుపోయి ఉంది. ముక్కు చివరన ఒక్క పొక్కు ఉంది. ముక్కు కొసకు వచ్చిందంటే కంటిని కూడా చూడాలని డాక్టర్లు అంటుంటే విన్నాను. దీనికి వాడే గోళీలను యాంటీవైరల్ అంటారు, లోపలి క్రిమి పెరగకుండా ఆపుతాయి. మొదటి మూడు రోజుల్లో మొదలుపెడితేనే వాటి గుణం ఎక్కువ.

ఆటోలో నిజామాబాద్ తీసుకుపోయాను. ఏ చౌరస్తా దాటుతున్నామో అన్న ధ్యాస కూడా లేదు. దారి పొడుగునా కాక ఒక్కటే అడిగాడు, "కన్ను వోతదా మల్లేశా?" నేను ఆటోవాణ్ని ఇంకా తొందరగా పోనిమ్మన్నాను.

కంటి డాక్టరు చూసి, చుక్కల మందు, గోళీలు రాశాడు. అడ్మిట్ అక్కర్లేదు, వారానికోసారి రండి అన్నాడు. చిన్నమ్మ ఇన్సూరెన్సు కార్డు పట్టుకుని డాక్టరు ముందు నిలబడింది.

"పండుకుంటనే పైసలిస్తరట గద సారూ. జర ఒక్కరోజు పండుకోబెట్టుండ్రి."

"అవసరం లేకుండా పడుకోబెట్టలేనమ్మా" అన్నాడాయన. తర్వాత నావైపు తిరిగి, "టీకా వేయించలేదా? వేసుకుంటే రానే రాదని హామీ ఇవ్వలేను. కానీ చాలామందిలో ఆపుతుంది" అన్నాడు.

బయటికొచ్చాక చిన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది.

"పైసలు లేక కాదు మల్లేశా. నెల నెల కట్టే చిట్టి ఎత్తినం. ఆనాడు నీ కాడికి అచ్చినప్పుడు ఒక సూదికి సరిపోయే చిట్టి పైసలు అంగీ జేబుల వెట్టుకొనే అచ్చిండు. ఎంతైతదో అడుగుతా, ఏసుకొనే అస్తా అన్నడు. నువ్వు ఉత్తగనే ఏస్తరంటివంట. గా పైసలు వోయి ఇన్సూరెన్సుకు కట్టిండు."

కాక కార్డు తీసి చూపించిన జేబులోనే ఆ నోట్లు ఉన్నాయి. నాకు కనబడింది కార్డు ఒక్కటే. పదివేలు అనగానే ఆయన మొహం మాడితే, అది లేనివాడి మొహం అనుకున్నాను. ఉన్నవాడు కూడా పదివేలంటే అలాగే మాడతాడని పాతికేళ్ల వ్యాపారంలో తెలుసుకోలేకపోయాను. ఆయన పరువు కాపాడుతున్నాననుకుని ఆయన కన్ను మీద కథ అల్లాను.

పొక్కులు మానాయి. మంట నెలల తరబడి ఉంది. కుడికన్ను పూర్తిగా పోలేదు, కానీ పాలగ్లాసులోంచి చూసినట్టు ఉంటుందని చిన్నమ్మ చెప్పింది.

వానలు మళ్లీ పడ్డాక ఒకరోజు కాక వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నేను గల్లా దాటి వచ్చి పక్కన కూర్చున్నాను. లోడుతో ఒక ట్రాక్టరు పోయింది. ఆయన మెడంతా తిప్పి దాన్ని చూశాడు. బరువు చెప్పలేదు. "రెండు కండ్లుంటేనే లోతు తెలుస్తది మల్లేశా" అన్నాడు. నేను ఏడ్చేశాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "తప్పు నీదొక్కనిదే కాదు. ఆటో లోపలికి వోతదంటే నవ్విన, దసరా అంటే నమ్మిన. కొద్దిగ నేను గూడ ఆలోచించాలె గద" అన్నాడు.

ఈ వృత్తి నాకు నేర్పింది ఇది. ఎదుటివాడి జేబులో ఏముందో మందులవాడు ఊహించకూడదు. ధర చెప్పాలి, కార్డు ఎక్కడ నడుస్తుందో ఎక్కడ నడవదో చెప్పాలి, నోరు మూసుకోవాలి. కొనాలో మానాలో ఆయన చూసుకుంటాడు. సిగ్గుపడితే పడనివ్వాలి. సిగ్గు నాలుగు రోజుల్లో మానుతుంది. ఇప్పుడు టీకా అడిగినవాళ్లకు తెల్లకాగితం మీద ధర రాసి ఇస్తాను, కింద పాలసీ సంగతి కూడా రాస్తాను. గల్లా వెనక నుంచి ఎలుక పేరు కూడా ఎత్తను.

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఇది రాస్తుంటే వెనక ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఇందులో ఒక అబద్ధం ఉంది. ఎలుక అనుకుంటున్నారేమో. ఎలుకను వదిలేయండి, దాని వల్ల ఎవరికీ నష్టం లేదు.

కాక బల్ల మీద కూర్చున్నది నేను అల్లింది. నా భుజం మీద ఆయన చెయ్యి వెయ్యలేదు. లోతు మాట ఆయనది కాదు, ఎన్నో రాత్రులు పక్క మీద దొర్లుతూ నేను ఆయన నోట్లో పెట్టిన మాట. ఆ మన్నింపు కూడా నాకు నేను అల్లుకున్నదే.

జరిగింది ఇంతే. వానలు మళ్లీ పడ్డాక ఆయన ఒక్కసారి వచ్చాడు. బల్ల వైపు చూడలేదు. గల్లా ముందు నిలబడి కంటి చుక్కల చీటీ ఇచ్చాడు. మందిచ్చాను, డబ్బులిచ్చాడు. పాతికేళ్లలో ఆయన నన్నెప్పుడూ అడగని మాట ఒకటి అడిగాడు.

"బిల్లు రాసియ్యి."

చుక్కల మందు బిల్లుకు ఆయన ఇన్సూరెన్సులో పైసా రాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆయనకు చెప్పింది నేనే. అయినా రాసి ఇచ్చాను. ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.